పందిరి మీద ఆలస్యంగా కోసిన నల్లద్రాక్షతో తీపి వైన్: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 9

హసన్‌పర్తి దగ్గర మా బామ్మర్ది బాయి కాడ, మోటారు గదికి ఆనుకుని ఒక ద్రాక్ష పందిరి ఉంది. నర్సరీ వాళ్ళు బెంగళూరు బ్లూ అని చెప్పి మొక్కలిచ్చారట. పండును చిదిమితే తొక్క వేళ్ళ మధ్యే ఉండిపోయి గుజ్జంతా ఒకే ముద్దగా నోట్లోకి జారుతుంది. వాసన గుప్పుమంటుంది. అమెరికా జాతి ద్రాక్ష కలిసిన రకాలకు ఈ రెండూ గుర్తులు కాబట్టి పేరు విషయంలో నాకు అనుమానం లేదు.

ఈ పండుతో తీపి లేని వైన్ చేస్తే ఆ వాసన ఒక్కటే మిగిలి విసుగు పుట్టిస్తుంది. తీపి తోడైతే అదే వాసన ఇంపుగా ఉంటుంది. అమెరికాలో ఇలాంటి వాసనే ఉండే కాంకర్డ్ ద్రాక్ష వైన్లు ఎక్కువగా తీపివే కావడానికి ఇదొక కారణం. అందుకే ఈసారి మామూలు వైన్ జోలికి పోకుండా, భోజనం అయ్యాక చిన్న గ్లాసులో పోసుకునే తీపి వైన్ మీద పడ్డాను.

పద్ధతి చెప్పడానికి సులువే. పండిన గుత్తుల్ని కోయకుండా తీగకే వదిలేస్తే నీరు తగ్గి, పండు ముడతపడి, చక్కెర చిక్కబడుతుంది. ఆ మాట చెప్పగానే బామ్మర్ది నవ్వాడు.

"పండినంక కోయకపోతే ఎవలికి పెడ్తవ్ బావా, చిలుకలకా?"

చిలుకలు సరే, నా టెన్షన్ వేరే ఉంది. యూరప్‌లో పండ్లు ఆలస్యంగా కోసేది చలి ముదిరే కాలంలో. రాత్రుళ్ళు చల్లగా ఉంటాయి, పండులో పులుపు నిలబడుతుంది. మన దగ్గర అక్టోబర్‌లో కత్తిరించిన తీగ ఫిబ్రవరిలో కోతకు వస్తుంది. అక్కణ్ణుంచి రోజురోజుకూ ఎండ ముదరడమే. వేడికి పండులో పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం కరిగిపోతుంది. చక్కెర పెరుగుతూ పులుపు పడిపోతే వచ్చేది వైన్ కాదు, పాకం. కాబట్టి తీపి వైన్ అన్నా నేను రోజూ లెక్క చూసుకోవాల్సింది పులుపునే.

ఇవాళ్టి కొలత: 17 బ్రిక్స్, పీహెచ్ 3.2. బ్రిక్స్ అంటే వంద గ్రాముల రసంలో సుమారుగా ఎన్ని గ్రాముల చక్కెర ఉందో చెప్పే లెక్క. పీహెచ్ ఎంత తక్కువైతే పులుపు అంత గట్టిది. 17 దగ్గర పండు తినడానికి బాగుంది, తీపి వైన్‌కు చాలదు.

చదివి ఉత్సాహపడేవాళ్ళకు ఒక మాట. లైసెన్స్ లేకుండా మద్యం చేయడం, అమ్మడం ఎక్సైజ్ చట్టం కిందికి వస్తుంది. ఇంటి మట్టుకే కదా అనుకోకుండా ఆ సంగతి ముందు కనుక్కోండి. నేను వకీలు దోస్తును పట్టుకుని ఆ పని చూసుకున్నాకే పందిరి దాకా వచ్చాను.

ఫిబ్రవరి 16

పందిరి చుట్టూ వల కట్టాం. చెరువులో వాడి పక్కన పడేసిన చేపల వల బామ్మర్ది ఎక్కణ్ణుంచో తెచ్చాడు. చిలుకలు, గోరింకలు ఆగాయి. కందిరీగలు ఆగలేదు. అవి కుట్టిన పండు నుంచి రసం కారితే అక్కడే బూజు మొదలవుతుంది. అందుకని పగిలిన పండ్లను కత్తెరతో తీసేయడం రోజూ పొద్దున్నే పనైంది. ఆ పని మా అత్తమ్మ మీద పడింది. ఆమెకు ఈ వైన్ వ్యవహారం నచ్చలేదు గానీ గుత్తి పాడవడం అంతకన్నా నచ్చదు.

ఫ్రాన్స్‌లో సోటెర్న్, హంగరీలో టోకాయ్ వైన్లకు బూజే ప్రాణం. అదొక ప్రత్యేకమైన బూజు. పొద్దున పొగమంచు, మధ్యాహ్నం పొడి ఎండ ఉండే చోట వస్తుంది. ఇక్కడ పండు మీద కనిపించే నల్ల బూజుకూ దానికీ సంబంధం లేదు. కనిపిస్తే పారేయడమే.

ఒక పండు కొరికి గింజ నమిలి చూశాను. పైన గోధుమ రంగు తిరిగింది, లోపల ఇంకా పచ్చిగా, వగరుగా ఉంది. గింజ మొత్తం ముదిరి పటపటమనాలి.

ఫిబ్రవరి 24

20 బ్రిక్స్, పీహెచ్ 3.35. ఇవాళ సగం గుత్తులు కోసేశాం, 12 కిలోలు. మిగతా సగం పందిరికే.

ఈ సగం సగం లెక్క కావాలనే పెట్టుకున్నాను. ఇటలీలో వల్పొలిచెల్లా వైపు రెచోతో అనే ఎర్ర తీపి వైన్ చేస్తారు. అక్కడ గుత్తుల్ని కోసి, గాలి ఆడే అటకల మీద నెలల తరబడి ఆరబెడతారు. తీగ మీద ముదిరే పండులో పులుపు పోతుంది. పులుపు ఉండగానే కోసి నీడలో ఆరబెడితే నీరు పోయి, చక్కెరతో పాటు పులుపు కూడా కొంత చిక్కబడుతుంది. మన వేడికి ఈ రెండోదే ఎక్కువ సరిపోతుందని నా అంచనా. తీగ మీది సగంలో రుచి, వాసన ముదురుతాయి, ఆరబెట్టిన సగం పులుపును మోస్తుంది. చివరికి రెండూ కలపాలి.

ఆరబెట్టడానికి వరంగల్ గాలిని మించింది లేదు. ఇది మిర్చి కాలం. ఏనుమాముల మార్కెట్ బయట బండ్లు బారులు తీరి ఉన్నాయి, ఊళ్ళల్లో కల్లాలన్నీ ఎర్రగా పరుచుకున్నాయి. మిర్చిని ఎండబెట్టే ఆ పొడి గాలే ద్రాక్షకూ కావాలి, కాకపోతే ఎండ తగలకూడదు. హన్మకొండలో మా ఇంటి డాబా మీద రేకుల షెడ్డు కింద, ఇనుప జాలీల మీద దోమతెర పరిచి గుత్తుల్ని ఒకదాన్నొకటి తాకకుండా పేర్చాను. డాబాకు అటు కొసన అమ్మ చపాటా మిర్చి ఆరబోసింది.

"నీ ద్రాక్షలు నా మిర్చి కాడికి రావద్దు, నా మిర్చి నీ ద్రాక్షల కాడికి రాదు" అని గీత గీసింది. గాలికి మిర్చి గింజ ఒక్కటి ఎగిరొచ్చినా చాలు కాబట్టి మధ్యలో పాత చీర ఒకటి పరదాగా కట్టాను.

మార్చి 3

రోజూ సాయంత్రం గుత్తుల్ని తిరగేయడం, మెత్తబడి కారుతున్న పండును ఏరేయడం. తొడిమ ఎండి గోధుమ రంగుకు వచ్చింది, పండు మీద సన్నటి ముడతలు కనిపిస్తున్నాయి. పందిరి మీదివి 22 బ్రిక్స్, పీహెచ్ 3.6. అనుకున్నట్టే పులుపు వేగంగా దిగుతోంది.

మార్చి 8

వడగళ్ల వాన సూచన అని పొద్దుట్నుంచి ఫోన్‌లో మెసేజ్‌లు. మార్చిలో ఇటువైపు ఇది కొత్త కాదు. మామిడి పిందె, మక్క, మిర్చి అన్నీ దానికే భయపడతాయి. కోసేద్దామా అంటే ఇంకా 23 బ్రిక్స్ దగ్గరే ఉంది. పందిరి మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా తాళ్ళు బిగించి కూర్చున్నాం. సాయంత్రం గాలి దుమారం వచ్చింది, చినుకులు పడ్డాయి, రాళ్ళు మాత్రం పడలేదు. టార్పాలిన్ రాత్రే తీయించాను. దాని కింద ఉక్కపోసి ఉంటే తెల్లారేసరికి సగం గుత్తులు బూజు పట్టేవి.

మార్చి 12

ఇక చాలనుకుని పందిరి మీదివి కోసేశాం. 11 కిలోలు వచ్చాయి. 24 బ్రిక్స్, పీహెచ్ 3.85. గింజ ఇప్పుడు వేయించిన పల్లీలా పటుక్కున విరుగుతోంది. పండు నోట్లో వేసుకుంటే ముందు ఎండుద్రాక్ష, తర్వాత నేరేడు, చివర్లో కొద్దిగా వగరు. పులుపు వెతుక్కోవాలి.

డాబా మీది 12 కిలోలు 8 కిలోలయ్యాయి. కాడలు తీసేస్తే ఏడున్నర. 29 బ్రిక్స్, పీహెచ్ 3.5. మూడో వంతు బరువు గాలిలో కలిసింది, పులుపు మాత్రం నిలిచింది. ఈ రెండు పీహెచ్‌లను పక్కపక్కన రాసి బామ్మర్దికి చూపించాను. "అంటే మొత్తం డాబా మీదనే ఎండబెడ్తే అయిపోవు గదా, నా పందిరి ఎందుకు ఆపినవ్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు నాలుకకే తెలుస్తుంది. ఆరబెట్టినవి తీయగా, పుల్లగా ఉన్నాయి గానీ వాటిలో ఆ నేరేడు రుచి లేదు.

కడగలేదు. ఆరబెట్టిన పండుకు నీళ్ళు తగిలిస్తే పోయిన నీటిని మళ్ళీ తెచ్చినట్టే. కాడలు తీసి, శుభ్రంగా కడిగిన చేతులతో స్టీలు గంగాళంలో చిదిమాను. మిక్సీ వాడకూడదు, గింజ నలిగితే చేదు దిగుతుంది. రెండూ కలిపాక 26 బ్రిక్స్, పీహెచ్ 3.7. నీటితో పోలిస్తే రసం ఎంత చిక్కగా ఉందో చెప్పే హైడ్రోమీటర్ 1.110 చూపించింది. చక్కెర తరిగేకొద్దీ ఈ అంకె దిగుతుంది. రసం పదకొండు లీటర్ల దాకా ఉంటుందని లెక్క వేసుకుని, ఒక గ్రాము పొటాషియం మెటాబైసల్ఫైట్ నీళ్ళలో కరిగించి కలిపాను. స్క్వాష్‌లు పెట్టేవాళ్ళు కేఎంఎస్ అని కొనేది ఇదే. లీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా సల్ఫర్ డయాక్సైడ్ ఇస్తుంది. తొక్క మీద ఉండే అడవి ఈస్టును, వెనిగర్ బాక్టీరియాను అదుపులో పెట్టడానికి. రాత్రంతా బట్ట కప్పి వదిలేశాను.

మార్చి 13

పులుపు సర్దే రోజు.

వైన్‌లో కలపాల్సింది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో ముఖ్యమైన పులుపు అదే, చింతపండులో పులుపు కూడా అదే. అమ్మకు ఈ సంగతి చెబితే "అట్లైతే గుప్పెడు చింతపండు పిసికి పొయ్యి" అంది. చింతపండులో దాంతో పాటు గుజ్జు, రంగు, దాని వాసన కూడా ఉంటాయి కాబట్టి పొడి రూపంలో దొరికే శుద్ధమైన ఆమ్లమే వాడాను, లీటరుకు ఒకటిన్నర గ్రాముల చొప్పున. పీహెచ్ 3.55కు వచ్చింది. నిమ్మ ఉప్పు వేయొద్దు. అందులోది సిట్రిక్ ఆమ్లం. కొన్ని బాక్టీరియా దాన్ని తిని వెనిగర్ వాసన తెస్తాయి.

3.55 కోసం ఇంత పట్టు ఎందుకంటే, సల్ఫర్ డయాక్సైడ్ ఎంత పని చేస్తుందన్నది పీహెచ్ మీదే ఆధారపడుతుంది. 3.5 దగ్గర లీటరుకు 40 మిల్లీగ్రాములు ఎంత కాపాడుతుందో, 3.8 దగ్గర అంత కాపాడడానికి దాదాపు 80 కావాలి. చక్కెర మిగిలి ఉండే వైన్‌కు కాపలా గట్టిగా ఉండాలి. పులుపు తక్కువైతే కేఎంఎస్ రెట్టింపు పోసి ఆ ఘాటు తాగాల్సి వస్తుంది.

గుజ్జు గట్టిగా ఉండే రకం కాబట్టి గుజ్జును విడగొట్టే పెక్టిక్ ఎంజైమ్ కొద్దిగా కలిపాను. లేకపోతే రసం దిగదు, తర్వాత తేటపడదు.

ఈస్ట్ విషయంలో చాలామంది ఈసీ-1118 అంటారు. మొండిది, చలికీ వేడికీ బాగా తట్టుకుంటుంది, 18 శాతం ఆల్కహాల్ దాకా పోతుంది. నాకు అందుకే వద్దు. మధ్యలో ఆపాలనుకున్న బండికి బ్రేకులుండాలి. 71బీ అనే ఇంకో రకం తీసుకున్నాను. 14 శాతం దగ్గర అలసిపోతుంది, చల్లబరిస్తే మాట వింటుంది. అది మాలిక్ ఆమ్లాన్ని కొంత తింటుంది, టార్టారిక్‌ను ముట్టదు. కాబట్టి కలిపిన పులుపు కలిపినట్టే ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి, అందులోకి రసం కొద్దికొద్దిగా పోస్తూ అలవాటు చేసి, నురగ లేచాక గంగాళంలో కలిపాను. ఇంత చక్కెరలో ఈస్టును ఒక్కసారిగా పడేస్తే అది ఉక్కిరిబిక్కిరై వెనిగర్ వాసన వదులుతుంది.

ఈస్టుకు నత్రజని కూడా కావాలి. వైన్ పుస్తకాలన్నీ డీఏపీ అంటాయి, అంటే డైఅమ్మోనియం ఫాస్ఫేట్. మన రైతు బస్తాలో తెచ్చుకునేదీ అదే రసాయనం. బామ్మర్ది సంతోషంగా "మన కాడ రెండు బస్తలున్నయ్ బావా" అన్నాడు. ఎరువు డీఏపీ మట్టికే. ఆహారానికి పనికొచ్చే శుద్ధి దానికి ఉండదు, వాడొద్దు. ఆహార గ్రేడు డీఏపీ చిన్న ప్యాకెట్లలో దొరుకుతుంది.

మార్చి 16

బయట 37 డిగ్రీలు. పులిసే రసం తనంతట తానే వేడెక్కుతుంది, దానికి తోడు ఈ ఎండ. 32 దాటితే ఈస్ట్ నీరసపడుతుంది, వెనిగర్ బాక్టీరియాకు పండగ. గంగాళాన్ని పెద్ద ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, చుట్టూ నీళ్ళు పోసి, తడి గోనె సంచి చుట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు. రసం 26 దగ్గర నిలబడింది. కరెంటు పోయినప్పుడు కూడా గోనె సంచి పని గోనె సంచిదే.

తొక్కలన్నీ పైకి తేలి మందపాటి దిమ్మ కట్టాయి. పొద్దున, సాయంత్రం చెక్క తెడ్డుతో కిందికి తొక్కాలి. తెడ్డు దిగగానే ఊదా రంగు నురగ బుసబుసమంటూ చుట్టూ లేస్తుంది, తలకెక్కే ఘాటు గాలి ముక్కుకు కొడుతుంది. అది కార్బన్ డయాక్సైడ్. కిటికీలు మూసిన గదిలో ఈ పని చేయొద్దు. హైడ్రోమీటర్ 1.092.

మార్చి 17

కుళ్ళిన కోడిగుడ్డు వాసన. నత్రజని చాలక ఈస్ట్ చేసే గొడవ ఇది. అసలే ముదిరిన పండులో నత్రజని తక్కువ. చక్కెర మూడో వంతు తరిగేసరికి రెండో విడత ఇవ్వాలని పక్కన పెట్టుకున్న డీఏపీ, ఈస్ట్ ఆహారం వెంటనే వేసి, గాలి తగిలేలా బాగా కలియబెట్టాను. రాత్రికి వాసన పోయింది. 1.074.

అమ్మకు వేరే బెంగ. "నాటు సారా తాగి సచ్చినోళ్ళ వార్తలు సూస్తలేవా?" అని అడిగింది. ఆ చావుల్లో ఎక్కువ భాగం పారిశ్రామిక మిథనాల్ కలిపిన కల్తీ వల్ల. పండ్ల పెక్టిన్ నుంచి పులిసేటప్పుడు వచ్చే మిథనాల్ చాలా కొద్ది. నేను సారాలాగా కాచడం లేదు, ఉత్తగా పులియబెడుతున్నాను. ఆమె నమ్మిందో లేదో గానీ మెట్ల మీద నుంచి వాసన చూసి వెళ్ళింది.

మార్చి 19

1.048. తొక్కలు తీసేసి పిండే రోజు. ముడతపడిన పండులో తొక్క, గింజ పాళ్ళు ఎక్కువ, ఇంకా ఉంచితే వగరు గొంతు పట్టుకుంటుంది. మస్లిన్ బట్టలో మూటకట్టి, మెల్లగా మెలిపెడుతూ పిండాం. చేతులు మోచేతుల దాకా ఊదా రంగు. తొమ్మిది లీటర్లు దిగింది. మామూలుగా కోసిన పండైతే ఇంతకు మించి వచ్చేది. పిప్పి మా వాడకట్టు ఆవులకు పెట్టలేదు, పులిసిన పిప్పి కాబట్టి ఎరువు గుంతలో వేశాం.

మా వాడకట్టులో తాటిచెట్లు గీసి మానేసిన ఒక గౌడ్ తాత ఉన్నాడు. పిలిస్తే వచ్చి, చెంచాడు నాలుకకు తగిలించి, చాలాసేపు ఏమీ అనలేదు.

"తీపిగుంది. ఘాటుగ కూడ ఉంది. గిది గిక్కడ్నే ఆపుతనంటవ్?"

"రెండు మూడు రోజుల్ల, తాతా."

"కల్లు పొద్దుగాల తీపి, పొద్దూకేసరికి పులుపు. ఆపేటోన్ని నేను సూడలే బిడ్డా. నీరాకైతే లొట్టిల సున్నం పూస్తం."

తాత పట్టుకున్నది సరిగ్గా అసలు విషయాన్ని. లొట్టి లోపల సున్నం పూస్తే ఈస్టుకు గిట్టని క్షారం తయారై నీరా తియ్యగానే దిగుతుంది. వైన్‌లో సున్నం పూయలేం. పులియడం మొదలైన తర్వాత దాన్ని ఆపే దారులు కొన్నే. పోర్చుగల్‌లో పోర్ట్ వైన్‌కు మధ్యలో 77 శాతం ద్రాక్ష స్పిరిట్ పోసి ఈస్టును పడగొడతారు. మన షాపుల్లో దొరికే బ్రాందీలు చాలావరకు మొలాసిస్ స్పిరిట్‌కు రంగు, వాసన కలిపినవి. 42.8 శాతమే కాబట్టి లీటర్లకు లీటర్లు పోయాలి, అప్పుడు నా ద్రాక్ష ఎక్కడుంటుంది? మిగిలింది చలి.

మార్చి 20

పొద్దున 1.036. ఇప్పుడే ఫ్రిజ్‌లోకి.

నాకు కావాల్సింది 1.026 దగ్గర. కానీ అక్కడికి వచ్చాక ఫ్రిజ్‌లో పెడితే లాభం లేదు. తొమ్మిది లీటర్లు చల్లబడడానికి ఒక రాత్రి పడుతుంది, ఈలోపు ఈస్ట్ పని చేస్తూనే ఉంటుంది. అందుకని పది పాయింట్లు ముందే మొదలుపెట్టాలి. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ అరలన్నీ పీకేసి, రెండు గాజు జాడీలు, గ్యాస్‌ను బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్‌లతో సహా నిలబెట్టాను. లోపల 2, 3 డిగ్రీలు. 

ఇక్కడ బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను నమ్మొద్దు. ఆల్కహాల్ చేరాక అది చూపించే బ్రిక్స్ తప్పు. హైడ్రోమీటరే వాడాలి, అదీ శాంపిల్‌లో గ్యాస్ పోయేదాకా గిలకొట్టి, గది వేడికి వచ్చాక.

మార్చి 23

1.027. మొదటి రోజు బుడగలు బాగానే వచ్చాయి, ఆ తర్వాత మందగించాయి. ఇప్పుడు బుడగ లేదు. అడుగున వేలెడు మందం మడ్డి.

మార్చి 28

1.026, ఇక కదలట్లేదు. మొదలు 1.110, చివర 1.026. తేడాను 131తో గుణిస్తే 11 శాతం ఆల్కహాల్. మిగిలిన చక్కెర లీటరుకు సుమారు 85 గ్రాములు.

ఇంకా చల్లగా ఉండగానే సన్నటి గొట్టంతో మడ్డి మీది తేటను వేరే జాడీల్లోకి దించాను. మడ్డిలోనే ఈస్ట్ ఎక్కువ, అది పోతే సగం ప్రమాదం పోయినట్టు. తర్వాత కేఎంఎస్, ఆ వెంట లీటరుకు 0.2 గ్రాముల పొటాషియం సార్బేట్. సార్బేట్ గురించి ఒక అపోహ ఉంది. అది ఈస్టును చంపదు, పిల్లలు పెట్టకుండా మాత్రమే చేస్తుంది. జోరుగా పులుస్తున్న వైన్‌లో పోస్తే ఏమీ ఆగదు. కేఎంఎస్ లేకుండా ఒక్క సార్బేటే వేస్తే, దాన్ని బాక్టీరియా విరగ్గొట్టి జెరేనియం ఆకు వాసన తెస్తుంది, ఆ వాసనకు మందు లేదు.

మే 20

జాడీ గోడల మీద, అడుగున ఊదా రంగు పలుకులు మెరుస్తున్నాయి. అమ్మ "చక్కెర పేరుకుంది" అంది. చక్కెర కాదు, పొటాషియం బైటార్టరేట్, బేకరీల్లో క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పదార్థం. చలికి వైన్‌లోంచి విడిపోతుంది, హాని లేదు. దీనితో ఒక చమత్కారం ఉంది. పీహెచ్ 3.65 కన్నా తక్కువ ఉన్న వైన్‌లో ఈ పలుకులు రాలితే పీహెచ్ ఇంకొంచెం దిగుతుంది. పైన ఉంటే ఎక్కుతుంది. మార్చిలో 3.7 నుంచి 3.55కు దింపిన కష్టానికి ఇప్పుడు వడ్డీ వచ్చింది: ఇవాళ కొలిస్తే 3.48.

ఎండలు మండిపోతున్నాయి. సబ్‌స్టేషన్ మరమ్మతని ఒకరోజు మధ్యాహ్నమంతా కరెంటు లేదు. ఫ్రిజ్ తలుపు తెరవకుండా పైన దుప్పట్లు కప్పి ఉంచాం. హైడ్రోమీటర్ కదల్లేదు.

ఆగస్టు 17

రెండోసారి తేట దించాక సీసాల్లో నింపాను. 375 మిల్లీలీటర్లవి, తీపి వైన్ ఒక్కసారి కూర్చుంటే ఒక సీసా మించి ఎవరూ తాగరు. నింపే ముందు కేఎంఎస్ మళ్ళీ సరిచేశాను.

రుచి: ముందు నేరేడు, ఎండుద్రాక్ష. బెంగళూరు బ్లూ వాసన ఉంది, కానీ తలుపు తీయగానే మీద పడట్లేదు. తీపి నాలుక మీద కాసేపు కూర్చుని, పులుపు వచ్చి దాన్ని లేపేస్తుంది. వగరు చివర్లో కొంచెం ఎక్కువే, నిలవ ఉంటే మెత్తబడాలి. మార్చిలో పక్కన తీసి పెట్టిన, టార్టారిక్ కలపని చిన్న సీసా ఒకటి ఉంది. దాంతో పోల్చి చూస్తే అది మొదటి గుక్కకు బాగుంటుంది, మూడో గుక్కకు మొహం మొత్తుతుంది. బామ్మర్దికి ఏది ఏదో చెప్పకుండా రెండూ ఇచ్చాను. కలిపినదే పట్టుకున్నాడు. కారంగా చేసిన కోడి వేపుడు పక్కన పెడితే ఇంకా బాగుందన్నాడు, నాకైతే ఉప్పటి కారప్పూసతోనే నచ్చింది.

అక్టోబర్ 5

సీసాలతో పాటు ఒక సోడా ప్లాస్టిక్ సీసా కూడా నింపి, మూత బిగించి, ఫ్రిజ్‌లో కాకుండా వంటింటి గట్టు మీద పెట్టాను. తీపి వైన్‌లో ఈస్ట్ మళ్ళీ లేస్తే గ్యాస్ పుట్టి గాజు సీసా పేలుతుంది. ప్లాస్టిక్ సీసా అయితే ముందే రాయిలా గట్టిపడి చెప్పేస్తుంది. ఇంతవరకూ నొక్కితే లొత్తపడుతూనే ఉంది. అయినా గాజు సీసాలను ఫ్రిజ్ నుంచి తీయను. రేపు ఇంట్లో పెళ్ళి పనులకు ఫ్రిజ్ కావాలంటున్నారు, ఆ గొడవ వేరే.

పందిరి కత్తిరింపు ఈ వారమే. ఆలస్యంగా కోయడం వల్ల ఏప్రిల్ కత్తిరింపు వెనక్కి జరిగింది, ఆ ప్రభావం కొమ్మల మీద కనిపిస్తోందని బామ్మర్ది ఫిర్యాదు. వచ్చే పంటలో పందిరి మీద మూడో వంతు గుత్తులే ఉంచుతాం, మిగతా రెండు వంతులు 20 బ్రిక్స్ దగ్గరే కోసి డాబా ఎక్కిస్తాం. ఆ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు, ఎందుకంటే మిర్చికి డాబాలో ఒక మూలే మిగులుతుంది.